మా అవ్వ నీళ్ళు పోసి పెంచిన తెల్లపూలు

మా అవ్వను ఉలిక్కిపడేలా చేయడం ఎవరివల్లా కాదు. చిన్నప్పటినుంచి ప్రయత్నించి నేనే ఓడిపోయాను. తలుపు వెనక నక్కి మీదికి దూకితే, "ముక్కు తుడుచుకో పో" అనేది. హైదరాబాదులో తట్టలు మోసే రోజుల్లో ఒకసారి సెంట్రింగ్ చెక్కలు కూలి ఆమెకు జానెడు దూరంలో పడ్డాయట. దుమ్ములోంచి లేచి అవ్వ అడిగిన మొదటి మాట, తన సద్దిగిన్నె ఎక్కడని. నేను ఇంటర్ తప్పానని తెలిసి ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నప్పుడు కూడా, పెనం మీద రొట్టె తిప్పుతూ, "ఒక్కటేనా, అన్నీనా?" అని మాత్రం అడిగింది.

"అన్నీ అవ్వా."

"మంచిదే. ఒక్కటైతె మళ్ళ రాయుమని మీ నాయిన సతాయిస్తుండె."

అలాంటి మనిషి పోయిన ఏడు ఒక జొన్నమొక్క వేరు చూసి గట్టు మీద చతికిలపడిపోయింది. నేను భుజం పట్టి కుదిపితే, నా చేతిని కూడా ఎవరిదో అన్నట్టు చూసింది. ఆ వేరు సంగతి చెప్పాలంటే ముందు అవ్వ సంగతి చెప్పాలి.

ఆమె పేరు ఎలీసబెతు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక పాస్టరయ్యకు తప్ప ఎవరికీ లేదు. నారాయణఖేడ్ లో అందరికీ ఆమె ఎలిసమ్మ. పుట్టింది సిర్గాపూర్ లో. మా తాత ఈరయ్యను చేసుకుని ఇక్కడికి వచ్చింది. కల్హేర్ పోయే రోడ్డు పక్కన తాతకు చెలక ఉండేది. ఎర్రమట్టి, సన్న రాళ్ళు, వాన పడితేనే పంట. ఏటా జొన్నే వేసేవాళ్ళు. రొట్టె తినే నోళ్ళకు జొన్న కాక ఏం వేస్తారు?

నేను పుట్టిన ఏడు ఆ చెలకలో జొన్న నిలువునా ఎండిపోయింది. వాన లేక కాదు. వానలు బాగానే పడ్డాయి, చుట్టుపక్కల చేలన్నీ పచ్చగా ఉన్నాయి. మా చెలక ఒక్కటే ఎవరో పీల్చేసినట్టు వాడి, పసుపెక్కి, మోకాలెత్తులో ఆగిపోయింది. మరుసటి ఏడూ అంతే. కారణం తెలియని చెడు ఏది జరిగినా మా వైపు దానికొక పేరు ఉంది, బాణామతి. గిట్టనివాళ్ళు మంత్రంతో కట్టేశారని అర్థం.

గిట్టనివాళ్ళు ఎవరో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మా చెలక దిగువన, ఒక్క గట్టు తేడాతో, శివమ్మ వాళ్ళ చెలక. అవ్వా, ఆమే ఒకరి సద్ది ఒకరు తినేవాళ్ళు, వదినె అంటే వదినె అనుకునేవాళ్ళు. పంట బాగా పండిన ఏడు శివమ్మ గట్టు మీద నిలబడి, "మీ జొన్నకు ఎవరి కన్ను తగుల్తదో ఏమో వదినె" అన్నదట. పంట ఎండిన ఏడు అదే గట్టు మీద తాతకు ఒక నిమ్మకాయ దొరికింది. ఒక మాట, ఒక నిమ్మకాయ. అవ్వకు అవి చాలు. బజారులో నిలబడి, శివమ్మ బాణామతి చేసిందని పేరు పెట్టి తిట్టింది. ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే "గెట్టు కిందిది" అనేవాళ్ళు. నేను చాలా రోజులు అదేదో పాము అనుకున్నాను.

ఆ తర్వాత అవ్వా తాతా చెలకను సాగు మాని పడావు పెట్టి హైదరాబాదు అడ్డా మీదికి కూలికి పోయారు. తాత అక్కడే పోయాడు. చివరికి అవ్వ మోకాళ్ళు తట్ట మోయబోమని మొండికేస్తే, నన్ను తోడు తీసుకుని ఖేడ్ కు తిరిగొచ్చింది. వచ్చిన వారంలోనే, జొన్న వేస్తానంది.

"ఎందుకవ్వా, రేషన్ బియ్యం తిని కూసోరాదు?"

"కోత పండుగకు ఒక్క కట్ట గావాలె."

మా చర్చిలో కోత పండుగనాడు ఎవరి చేలో పండింది వాళ్ళు కట్టగట్టి తెచ్చి బల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక ఆ కట్టలను వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు వాటిని దీవెన గింజలని దాచి, మరుసటి ఏడు తమ విత్తనంలో కలుపుకుంటారు. అలా ఒకరి చేను దీవెన పదిమంది చేలకు పోతుంది. అవ్వ మాత్రం ఇన్నేళ్ళుగా ఏటా పండుగకు హైదరాబాదునుంచి వచ్చి, అంగట్లో కొన్న గుమ్మడికాయతో పోతున్నది. ఆమె గుమ్మడికాయ దింపుతుంటే వెనక ఎవరో ఒకరు గుసగుసలాడేవాళ్ళు, కట్టువడ్డ చెలక అని.

"నీ తాత చెలకది ఒక్క కట్ట గా బల్ల ముంగట పెడ్త. గది కట్టువడ్డది కాదని అందరు సూడాలె. ఇగ నేను సచ్చినా మంచిదే."

"కట్ట పెట్టంగనే సస్తవా, పండుగ బువ్వ తిన్నంక సస్తవా?"

"తిన్నంకనే. ఆ దినం మటన్ ఉంటది."

తొలకరికి విత్తాం. పాస్టరయ్య విత్తనాల మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. మొలకలు వరుసలు కట్టి లేస్తే, అవ్వ పొద్దున్నే పోయి వాటిని బడిపిల్లల్లా లెక్కపెట్టి వచ్చేది. మోకాలెత్తు దాకా ఏ లోటూ లేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. ఎండ దెబ్బ అనుకున్నాం. మర్నాడూ అంతే. ఆకుల్లో పచ్చదనం తగ్గి, మచ్చలు మచ్చలుగా పసుపు దిగింది.

నేను వంగి మట్టి పిడికిట్లోకి తీసుకున్నాను. ముద్దైంది. వేలు దిగేదాకా తడి ఉంది. తడి నేలలో నిలబడి మొక్క దాహంతో ఎండుతున్నది. చెరువులో నిలబడి మనిషి నోరెండి చచ్చినట్టు.

అవ్వ మట్టి చూడలేదు. గట్టు కిందికి చూసింది. శివమ్మ జొన్న ముదురు పచ్చగా, గాలికి ఊగుతున్నది.

"సూడు, గెట్టు కిందిది మళ్ళ మొదలువెట్టింది."

"అవ్వా, నువ్వు బాప్తిస్మం తీసుకున్నదానివి. బాణామతి నమ్మొద్దు గద."

"నేను నమ్మ. గని అది చేస్తది."

దిగువ చెలకలో శివమ్మ కలుపు తీస్తున్నది. అవ్వ గాలికి చెబుతున్నట్టు గొంతెత్తి, ఓర్వలేని కండ్లల్ల కారం పడాలని శాపాలు పెట్టింది. శివమ్మ తల ఎత్తలేదు. ఆమె కొడుకు బసవరాజ్ లేవబోతే, చేయి పట్టి కూర్చోబెట్టింది.

ఆ వారమే పూలు వచ్చాయి. ఎండుతున్న జొన్న మొదళ్ళ దగ్గర మట్టిని చీల్చుకుని, జానెడు కూడా లేని చిన్న మొక్కలు లేచాయి. గరుకు ఆకులు, కొనలో చిట్టి తెల్లపూలు. మొదట నాలుగైదు, రెండు వానలు పడేసరికి చెలకంతా ముగ్గుపిండి చల్లినట్టు. నేను పీకుదామని కలుపు ఖుర్పీ తీస్తే, అవ్వ గుంజుకుంది. మోకాళ్ళ నొప్పి మరిచి మట్టిలో కూర్చుంది.

"ఎండిన చెలకల పూలు పూయించిండు ప్రభువు. గిది గుర్తు. తెలుస్తలేదానె పోరీ?"

ఆ రోజునుంచి పక్క బోరుబావి నుంచి బిందెలతో నీళ్ళు మోసి ఆ పూలకు పోయడం మొదలుపెట్టింది. సగం బిందెలు నా నెత్తి మీదే. పండుగనాడు జొన్న కట్ట పక్కన ఈ పూల గుత్తి కూడా పెడతానంది. నేను ఊరుకుంటానా? పూల మధ్య బిందె పట్టుకున్న అవ్వను ఫొటో తీసి, "మా అవ్వ పూలతోట" అని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. నవ్వే బొమ్మలు కూడా చేర్చాను.

అది చూసి నవ్వనిది ఒక్కరే. రైతుల గ్రూపులో ఉండే ఏఈఓ స్వరూపరాణి మేడం, అంటే మా ఊళ్ళ పంటలు చూసే వ్యవసాయ అధికారి. వెంటనే ఫోన్ చేసింది.

"జీవితా, ఆ ఫొటో ఎక్కడిది?"

"మా చెలకదే మేడం."

"ఆ పూలు తెంపి ఎవరికన్నా ఇచ్చిర్రా?"

"లేదు మేడం. చర్చి పండుగకు దాస్తున్నం."

"దేన్నీ ముట్టుకోకుర్రి, వస్తున్న" అంది.

స్కూటీ గట్టు దగ్గర ఆపి ఆమె నేరుగా ఒక జొన్నమొక్క దగ్గరికి పోయింది. దాని మొదట్లో ఒక తెల్లపూల మొక్క ఉంది. రెంటినీ విడదీయకుండా, చుట్టూ మట్టి తవ్వి పెళ్ళలాగే పైకెత్తి, మా బిందెలోని నీళ్ళు పోస్తూ మెల్లగా కడిగింది. మట్టి కరిగి పోయింది. వేళ్ళు బయటపడ్డాయి.

పూల మొక్క వేళ్ళు తెల్లగా, పురుగుల్లా ఉన్నాయి. అవి మట్టిలోకి పోలేదు. జొన్న వేళ్ళ మీదికి పోయాయి. తగిలిన చోటల్లా చిన్న ముడిలా ఉబ్బి, పసిబిడ్డ రొమ్ము పట్టినట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మేడం గోటితో ఒక ముడిని లాగింది. ఊడలేదు. జొన్న వేరు చర్మమే చీలింది.

"దీన్ని జొన్నమల్లె అంటరు అవ్వా. సొంతంగ నేల నుంచి నీళ్ళు తాగే తెలివి దీనికి తక్కువ. జొన్న తాగిన నీళ్ళు ఇది తాగుతది. మీరు చూసేటాళ్ళకు పని అయిపోతది. పైకి రాకముందే లోపల్లోపల ఎన్నో దినాలు తాగుతది."

"మేం దీన్ని నాటలేదమ్మా."

"మీరు నాటలే. గింజ ఎప్పటిదో, మట్టిలనే ఉంది. నశ్యం కన్న సన్నగుంటది. పదేండ్లు, పదిహేనేండ్లు, ఇంక ఎక్కువ గూడ ఉంటది."

"ఇన్నేండ్లు ఏం తిని బతుకుతది?"

"ఏం తినదు. పండుకుంటది. వాన పడ్డా లేవదు. ఉత్త తడికి మోసపోదు. జొన్న అసొంటి పైరు పక్కన మొలిచి, దాని వేరు నుంచి ఒక రసం ఊరి, ఆ రసం తగిలినప్పుడే లేస్తది. లేసి ఆ వేరు దిక్కే పోతది."

కండ్లు లేవు, ముక్కు లేదు, మట్టి చీకట్లో ఉంది. అయినా జొన్న వచ్చిందని దానికి తెలుస్తుంది. నా వయసంత నిద్ర పోయినవి నా కాళ్ళ కింద ఎన్ని ఉన్నాయోనని ఒక పాదం ఎత్తాను. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ అక్కడే పెట్టాను.

"నేను నీళ్ళు పోసిన" అంది అవ్వ.

"పోస్తిరి."

"రోజు పోసిన."

నాకు ఎగతాళి నోటిదాకా వచ్చి, అవ్వ ముఖం చూసి ఆగిపోయింది. ఆమె ఆ వేరును చూడటం లేదు. ఇంకెక్కడో చూస్తున్నది.

"ఆ ఏడు గూడ ఉండె" అంది.

"ఏవి అవ్వా?"

"గీ పూలు. పంట ఎండుతుంటె మీ తాత ఒక కొమ్మ తెంపి నా కొప్పుల పెట్టిండు. అంతా పాయె, గీ పువ్వన్న ఉండనీ అన్నడు." చేయి తనంతట తానే కొప్పు దగ్గరికి పోయింది. "గివ్వే పూలు. అయితె గెట్టు కిందిది..."

మాట అక్కడ ఆగింది. చతికిలపడింది అప్పుడే.

మేడం ఒక పువ్వు కింది కాయను వేళ్ళతో నలిపి చూసింది. "నయం, ఇంక పండలే. పండి పగిల్తే ఒక్క మొక్కకు వేల గింజలు. వాన నీళ్ళతోని కిందికి పోతయ్. కింద చెలక ఎవరిది? జొన్ననే ఉన్నట్టుంది."

అవ్వ తల దించుకుంది.

"ఎవరైనా సరే, ఇయ్యాల్నే చెప్పుర్రి. మబ్బు పట్టింది. అందరు కూడి పీకి కాలబెట్టాలె. వాళ్ళ పైరు మొదట్ల గూడ చూసుకోవాలె. వచ్చే ఏడు మీరు పత్తి పెట్టుర్రి. పత్తి వేరు రసానికి గూడ ఈ గింజ లేస్తది, గని పత్తిని పట్టుకోలేదు. ఆకలికి సస్తది."

"మోసం జేసుడు" అన్నాను నేను.

"మోసమే. ఇంకొకటి, ఈ జొన్న విత్తనానికి వద్దు. బయట ఎవరికీ ఇయ్యొద్దు. ఇంట్ల రొట్టె చేసుకుని తినుర్రి."

అవ్వ తలెత్తింది. "ఒక్క కట్టనమ్మా. చర్చికి."

"ఆ కట్ట గింజలు పది చెలకలకు పోతయ్ గద అవ్వా. దుమ్ములెక్క ఇది గూడ పోతది."

స్కూటీ పోయింది. అవ్వ గట్టు మీదే ఉంది. దిగువన శివమ్మ, బసవరాజ్ కలుపు తీస్తున్నారు. రెండు అడుగులు వేసి గట్టు దిగితే చాలు.

"నువ్వు పోయి చెప్పు" అంది.

"నేను తిట్టలే. తిట్టినోళ్ళే పోవాలె."

"నాకు కాళ్ళు గుంజుతున్నయ్."

"నోరు గుంజుతలేదు గద."

నన్ను ఒక చూపు చూసి, నా భుజం పట్టుకుని లేచింది. ఇన్నేళ్ళలో దాటని ఆ గట్టు మోకాలెత్తు కూడా లేదు. దిగి, జొన్న సాళ్ళ మధ్య నడిచి, వంగి ఉన్న శివమ్మ వెనక నిలబడింది.

"వదినె."

శివమ్మ తిరిగి చూసింది. అవ్వను కాదు, అవ్వ వెనక ఎవరున్నారా అని చూసింది. ఎవరూ లేరు. అవ్వ మేడం తవ్వి తీసిన ఆ జంట మొక్కలను వేళ్ళతో సహా ఆమె ముందుకు చాచింది.

"గిదే తాగింది నా జొన్న. ఇప్పుడు, అప్పుడు గూడ గిదే. మట్టిల పండుకోని ఉండెనట. మేడం తవ్వి చూపిచ్చింది. వాన వస్తె నా చెలకలకెళ్ళి నీ చెలకలకు వస్తది. పీకాలె. జల్దీ పీకాలె."

శివమ్మ ఆ ముడులను వేలితో తాకింది.

"అంటె, నేను గాదా?"

ఎత్తిపొడుపు అనుకుని నాకు నవ్వు వచ్చింది. ఆమె ముఖం చూశాక నవ్వు చచ్చిపోయింది. ఆమె నిజంగానే అడుగుతున్నది.

"నువ్వు గాదు" అంది అవ్వ.

శివమ్మ సాలులో కూర్చుంది. "నీ జొన్న మనిషెత్తు పెరిగిన ఏడు నాకు కడుపు మండింది వదినె. నాది నడుముకు గూడ రాలే. పైకి మంచిగనే అన్న, లోపల కుళ్ళుకున్న. మరుసటేడు నీది ఎండింది. నువ్వు బజార్ల తిట్టినప్పుడు నేనెందుకు నోరు తెరవలే? నిజంగ నా కన్నే తగిలిందనుకున్న. కోడలు కడుపుతోని ఉన్నప్పుడు ఆమె మొకం దిక్కు చూసి మంచిగున్నవే అని గూడ అనలే, తగుల్తదేమోనని."

"అమ్మా" అన్నాడు బసవరాజ్. అతనికీ ఈ మాట కొత్త.

ఆ రోజు అవ్వను రెండోసారి కూలబెట్టిన మాట అది. వెళ్ళి శివమ్మ పక్కనే సాలులో కూర్చుంది. ఇద్దరూ ఆ వేరును మధ్యలో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే, చచ్చిన పాము దగ్గర కూర్చున్న పిల్లల్లా ఉన్నారు.

"మరి నిమ్మకాయ?" అవ్వ అడిగింది. ఆమె అంత తేలిగ్గా దేన్నీ వదలదు.

"నాది" అన్నాడు బసవరాజ్. "అప్పుడు ట్రాక్టర్ కొత్తది. టైరు కింద పెడదామని నిమ్మకాయలు తెస్తుంటె ఒకటి జారింది. చెప్దామని మీ ఇంటికొస్తె తాత తలుపు తియ్యలే."

ఆ పూటే నలుగురం గట్టు ఎక్కి మా చెలకలోకి పోయాం. వేరు తెగకుండా పీకడం, గంపలో వేయడం, ఒక మూల కుప్ప పోయడం. చేతులు మట్టి పట్టాక శివమ్మకు నోరు తిరిగి వచ్చింది.

"వీటికి నీళ్ళు పోసినవంట."

"పోసిన."

"నా జొన్నకు గూడ ఒక బిందె పోసేదుంటివి, పక్కనే గద."

"పీకు, పీకు. మాట్లాడకు."

మర్నాడు కూడా పీకి, కుప్పకు అగ్గి పెట్టాం. ఆ తర్వాత వాన దంచింది. ముసలివాళ్ళిద్దరూ గోనెసంచులు నెత్తిన కప్పుకుని గట్టు మీద నిలబడి, మా చెలక నుంచి శివమ్మ చెలకలోకి దిగుతున్న ఎర్రనీళ్ళను చూస్తూ ఉండిపోయారు. అందులో ఏం పోయిందో, ఏం పోలేదో ఎవరికి తెలుసు? జొన్న వేసిన ఏడు గాని తెలియదు.

కోత పండుగ వచ్చింది. బల్ల ముందు కట్టలు, చెరుకు గడలు, గుమ్మడికాయలు. అవ్వ మంచి చీర కట్టుకుని ఉత్త చేతులతో నిలబడింది. మా చెలకలో బతికిన కాసిని కంకులు ఇంట్లో గంపలోనే ఉన్నాయి. ఒక్క కట్టకు సరిపోయేవే. పొద్దున అవ్వ ఆ గంపను చేత్తో నిమిరి, మూత పెట్టి వచ్చింది. సాక్ష్యాలు చెప్పే సమయానికి, ఎవరూ పిలవకుండానే ముందుకు పోయింది.

"నా చేతుల ఏం లేదు. నా చెలకల కలుపుంది, గా గింజ మీకియ్యొద్దని తేలే. ఇంకొక మాట. నేను బజార్ల నిలవడి శివమ్మను తిట్టిన, మీరందరు విన్నరు. గందుకే అందరి ముంగట చెప్తున్న. శివమ్మ నా చెలకకు ఏం చేయలే. చేసింది గడ్డి."

పాస్టరయ్య స్తోత్రం అనడం కూడా మరిచాడు. వెనక బెంచీలో గుసగుసలాడే మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అవ్వ గుమ్మం దాటి వచ్చింది. గేటు దగ్గర శివమ్మ చెట్టు నీడలో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు, ఇక్కడినుంచే వింటానంది.

"విన్నవా?" అవ్వ అడిగింది.

"విన్న. జర గట్టిగ చెప్పేదుండె. తిట్టినప్పుడు బస్ డిపో దాక ఇనవచ్చింది."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. కొంగు నడుముకు దోపుకుని, వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి నడిచింది.